బఠాణీ మాడు ఇంకా పూడలేదు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది రాజమండ్రి. మా బాబు ఏడో పుట్టినరోజుకి చివావా కుక్కపిల్లని కొన్నాం. ఆడపిల్ల, పేరు బఠాణీ. నాలుగు నెలలు నిండాయి, బరువు 900 గ్రాములు. బాగా తింటుంది, ఆడుతుంది. బాబు స్కూల్ బ్యాగు చప్పుడు వినబడితే చాలు, గుమ్మం దగ్గరికి పరిగెడుతుంది. పోయిన వారం ఒళ్ళు దువ్వుతుంటే నడినెత్తిన వేలికి మెత్తగా తగిలింది. శనగగింజంత మేర ఎముకే లేదు, లోపల ఏదో కొట్టుకుంటున్నట్టు తెలుస్తోంది. అమ్మినాయనకి ఫోన్ చేస్తే "టీకప్ రకం అంతేనండీ, వద్దనుకుంటే తెచ్చిచ్చేయండి, వేరే పిల్లనిస్తాను" అన్నారు. ఇంటర్నెట్‌లో చూస్తే మెదడులో నీరు చేరుతుందని, ఎక్కువ కాలం బతకదని ఉంది. మా అత్తగారేమో పసిపిల్లలకి పెట్టినట్టు మాడుకి ఆముదం పెడితే పూడుతుందంటున్నారు. మావారు తిరిగిచ్చేద్దామంటున్నారు. బాబు దాన్ని వదిలి ఉండలేడు. నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం ఒకటుంది. బాబు బ్యాగు చప్పుడుకి బఠాణీ గుమ్మం దగ్గరికి పరిగెడుతుందని రాశారే, అది. చప్పుడు విని, అది ఎవరిదో గుర్తుపట్టి, దారి చూసుకుని, తూలకుండా పరిగెత్తి వెళ్తోందంటే ఆ చిన్న బుర్ర తన పని తాను చక్కగా చేసుకుంటోందన్నమాట. నెత్తిన ఉన్న సందు కన్నా నాకు ఆ పరుగు ముఖ్యం. కాబట్టి ముందు కాస్త స్థిమితపడండి.

ఆ మెత్తని చోటుని చివావాలు పెంచేవాళ్ళు మొలెరా అంటారు. స్పానిష్ మాట. అర్థం మన మాడే. పసిపాపకి పుర్రె ఎముకలు ఇంకా ఒకదానితో ఒకటి కలవక నడినెత్తిన మెత్తగా ఎలా ఉంటుందో ఇదీ అంతే. చాలా జాతుల కుక్కపిల్లలకి అది చిన్నప్పుడే పూడిపోతుంది. చివావాకి తల యాపిల్ పండులా గుండ్రంగా ఉబ్బి ఉంటుంది, ఒళ్ళేమో పిడికెడు. అందుకే వీటిలో ఆ ఎముకలు ఆలస్యంగా కలుస్తాయి, కొన్నిటిలో ఎప్పటికీ కలవవు. మీ వేలికి తెలిసిన ఆ కొట్టుకోవడం దాని గుండె చప్పుడే. రక్తం కొట్టుకున్నప్పుడల్లా లోపలి పొర కదులుతుంది, పైన ఎముక లేదు కనక మన వేలికి తెలుస్తుంది. పసిపిల్లల మాడు చూసినవాళ్ళందరికీ ఇది తెలిసిందే.

ఇది అరుదైన జబ్బేమో అని భయపడకండి. 2021లో ఫిన్లాండ్ పరిశోధకులు 50 చివావాల పుర్రెలు స్కాన్ తీసి చూశారు. 46 కుక్కలకి ఎక్కడో ఒకచోట ఇలా పూడని సందు ఉంది. నెత్తిమీదే కాదు, పక్కల, వెనక కూడా ఉన్నాయి, అవి మన వేలికి అందవు. అమెరికా కెనల్ క్లబ్ వాళ్ళ జాతి లక్షణాల్లో "మొలెరా ఉన్నా సరే, లేకున్నా సరే" అనే అర్థంలో రాసి ఉంది. యూరప్‌లోని ఎఫ్‌సీఐ అనే కుక్కల జాతుల సంస్థ మాత్రం పూడని మాడున్న కుక్కని షోలో పక్కన పెట్టేస్తుంది. పెద్దపెద్ద సంస్థలకే దీని మీద ఒక మాట లేదు. నాకైతే ఎఫ్‌సీఐ మాటే సబబనిపిస్తుంది. ఎందుకంటే ఆ ఫిన్లాండ్ పరిశీలనలోనే బరువు మరీ తక్కువున్న కుక్కలకి, మెడ, వెన్నుపాము ఇబ్బందులున్న కుక్కలకి సందులు ఎక్కువగా, పెద్దవిగా కనబడ్డాయి. అలాంటి కుక్కలతో పిల్లల్ని పుట్టించుకుంటూ పోవడం మంచిది కాదు. కానీ ఇదంతా పుట్టించేవాళ్ళు ఆలోచించాల్సిన విషయం. ఇప్పటికే పుట్టి మీ ఇంటికొచ్చిన బఠాణీకి ఈ సందు ఒక్కటే పెద్ద ప్రమాదం కాదు. పదమూడేళ్ళ చివావా ఒకటి పళ్ళు కదులుతున్నాయని నా దగ్గరికి వచ్చింది. తల నిమిరితే వేలు దిగేంత సందు. ఇంట్లోవాళ్ళకి అన్నేళ్ళూ ఆ సంగతే తెలియదు.

ఇక మెదడులో నీరు గురించి. హైడ్రోకెఫలస్ అనే ఆ జబ్బు చివావాల్లో ఉన్న మాట నిజం. మాడు పూడనంత మాత్రాన అది ఉన్నట్టు కాదు, పూడినంత మాత్రాన లేనట్టూ కాదు. ఉంటే పిల్ల ప్రవర్తనలో తెలుస్తుంది. నడకలో తూలుతుంది. ఒకే పక్కకి గుండ్రంగా తిరుగుతుంది. గోడకో మూలకో తల ఆనించి అలాగే నిలబడిపోతుంది. రెండు కళ్ళూ కిందికి, బయటికి జారినట్టుండి నల్లగుడ్డు పైన తెల్లగా కనబడుతుంది. పిలిస్తే పలకదు, నేర్పినది పట్టుబడదు, ఒళ్ళు పెరగదు కానీ తల పెరుగుతున్నట్టుంటుంది, ఫిట్స్ వస్తాయి. ఆ మెత్తని చోట చర్మం ఉబ్బి బిగుసుకుంటే కూడా ఆలస్యం చేయకూడదు. వీటిలో ఒక్కటి కనబడినా ఆ రోజే డాక్టరుకి చూపించండి. ఫోన్‌లో వీడియో తీసి తీసుకెళ్తే ఇంకా మంచిది, ఎందుకంటే క్లినిక్ బల్ల మీద కుక్కలు భయంతో బిగుసుకుపోయి అసలు సంగతి బయటపడనివ్వవు. పెద్దయ్యాక మెడ దగ్గర గాల్లో గోక్కుంటున్నా, ఎత్తుకోగానే కీచుమంటున్నా వెన్నుపాము సంగతి చూడమని డాక్టరుకి గుర్తు చేయండి.

స్కాన్ అవసరమా అని మీకు అనిపించవచ్చు. ఆ సందు వల్ల ఒక మేలుంది. ఎముక అడ్డు లేదు కాబట్టి అక్కడ పెట్టి అల్ట్రాసౌండ్ తీయొచ్చు, మత్తు అక్కర్లేదు. మెదడు లోపల మామూలుగానే ఉండే నీటి గదులు ఎంత పెద్దవో కొంత తెలుస్తుంది. ఎంఆర్‌ఐకి అయితే మత్తివ్వాలి. ఇంత హుషారుగా ఉన్న 900 గ్రాముల పిల్లకి నేనైతే ఇప్పుడే ఎంఆర్‌ఐ రాయను. ఏ ఇబ్బందీ లేని చిన్న జాతి కుక్కల్లో కూడా ఆ గదులు పెద్దవిగా ఉండటం మామూలే. ఆ రిపోర్టు చూసి మీరు మళ్ళీ నిద్ర పోగొట్టుకోవడమే అవుతుంది. ఒకవేళ రేపు లక్షణాలు కనబడినా చేయడానికి మార్గాలున్నాయి: నీరు ఊరడం తగ్గించే మందులు ఉన్నాయి, అవి చాలకపోతే గొట్టం వేసి ఆ నీటిని పొట్టలోకి మళ్ళించే ఆపరేషన్ కూడా ఉంది.

ఇప్పుడు అత్తగారి ఆముదం. ఆవిడ ప్రేమతోనే చెప్పారు, కానీ వద్దు. పసిపిల్లల మాడు కూడా నూనె వల్ల పూడదు, దానంతటదే పూడుతుంది. కుక్కపిల్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది. నెత్తిన పెట్టిన నూనె ముందుకాళ్ళతో రుద్దుకుంటుంది, ఆ కాళ్ళు నాకుతుంది. ఆముదం కడుపులోకి వెళ్తే ఏమవుతుందో అత్తగారికి నేను చెప్పక్కర్లేదు. అంత చిన్న ఒంట్లో రెండు విరేచనాలైతే నీరు, చక్కెర రెండూ పడిపోతాయి. పైగా మర్దనా చేసే వేలి ఒత్తిడి నేరుగా మెదడు పొర మీద పడుతుంది. మీరు కూడా పెరిగిందా తగ్గిందా అని రోజూ తడిమి చూడకండి. నెలకొకసారి చాలు. వేలి కొనతో పొడవకుండా, వేలి మెత్తని భాగాన్ని ఈకలా ఆనించి చూసుకోండి.

అత్తగారికి నా మాటగా ఇంకో పని అప్పజెప్పండి. మాడు కన్నా ముందు బఠాణీ ప్రాణం మీదికి వచ్చేది ఆకలి. కిలో కూడా లేని పిల్లల ఒంట్లో చక్కెర నిల్వ ఉండదు. ఒక పూట తినకపోతే, చలి వేస్తే, పిల్లలతో అలిసిపోయేదాకా ఆడితే, చక్కెర పడిపోయి మగతగా అయిపోతుంది, తూలుతుంది, వణుకుతుంది, ఫిట్స్ కూడా వస్తాయి. ఇది చూసి మెదడులో నీరేమోనని హడలిపోయి వచ్చినవాళ్ళని చాలామందిని చూశాను. అందుకని రోజుకి నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి, చివరిది మీరు పడుకోబోయే ముందు. కుక్కపిల్లల కోసం చేసిన చిన్న గింజల ఫుడ్డు ప్రధానంగా ఉండనివ్వండి, ఉడికించిన కోడిమాంసమో గుడ్డో కాస్త కలిపినా పర్వాలేదు. ఒట్టి పెరుగన్నంతో ఎదిగే పిల్లకి బలం చాలదు. పసిపిల్లల్ని పెంచిన చేతికి వేళకి తినిపించడం కొత్త కాదు కదా, అత్తగారి కన్నా ఈ పని బాగా చేసేవాళ్ళు మీ ఇంట్లో ఉండరు.

మగతగా కనబడితే వేలికి కాస్త తేనె గానీ తడిపిన గ్లూకోజ్ పొడి గానీ అద్దుకుని చిగుళ్ళకి రాయండి, తువ్వాలులో చుట్టి వెచ్చగా పట్టుకుని డాక్టరు దగ్గరికి బయల్దేరండి. ఫిట్స్ వస్తున్నప్పుడు మాత్రం నోట్లో వేలు పెట్టొద్దు, నీళ్ళు పోయొద్దు. ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉండి షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్‌లు, బిళ్ళలు వాడుతుంటే అందకుండా దాచండి. వాటిలో జైలిటాల్ ఉంటే కుక్కలకి విషం, చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లిపాయ కూడా వాటికి విషమే. మీ బాబు దాచుకుని పెట్టే ముక్క ప్రేమతోనే పెడతాడు, కానీ కిలో లేని పిల్లకి చిన్న ముక్కే చాలా ఎక్కువ.

ఆకలి తర్వాత, నేను మిమ్మల్ని బతిమాలి చెప్పేది పడిపోవడం గురించి. దివాన్ మనకి మోకాలి ఎత్తే. ఆరంగుళాల ఎత్తు కూడా లేని పిల్లకి అది మేడ మీద నుంచి దూకినట్టు. కింద గ్రానైట్. కొన్నేళ్ళ క్రితం ఒకావిడ ఇలాంటి పిల్లనే చీర కొంగులో పట్టుకుని ఏడుస్తూ వచ్చారు. సాయంత్రం టీవీ చూస్తూ ఒళ్ళో పడుకోబెట్టుకున్నారట. కాలింగ్ బెల్ మోగింది. ఒళ్ళో పిల్లున్న సంగతి ఒక్క క్షణం మర్చిపోయి లేచారు. అంతే. రెండు రోజులు మా దగ్గరే ఉంచుకున్నాం. బతికింది కానీ తల ఒక పక్కకి వాలిపోయింది, అలాగే ఉండిపోయింది. ఆవిడ కన్నా జాగ్రత్తగా పెంచేవాళ్ళని నేను చూడలేదు. జాగ్రత్త లేక కాదు, అలవాటు పడక జరుగుతాయి ఇవి.

కాబట్టి ఇంట్లో అందరూ ఒక నియమం పెట్టుకోండి: బఠాణీని ఒళ్ళోకి తీసుకోవాలంటే మనమే చాప మీదికి దిగాలి. మంచం మీద, సోఫాలో దాన్ని ఒంటరిగా వదలొద్దు. తలుపులు వేసేముందు కాళ్ళ దగ్గర చూసుకోండి, గాలికి కొట్టుకునే తలుపులకి అడ్డు పెట్టండి. హాల్లో క్రికెట్ ఆడే అలవాటుంటే ఆ కాసేపు దాన్ని వేరే గదిలో ఉంచండి. స్కూటర్ ముందు కాళ్ళ దగ్గర నిలబెట్టి తీసుకెళ్ళడం అసలు వద్దు. డాక్టరు దగ్గరికి ఆటోలోనో కారులోనో, గట్టి అడుగున్న క్యారియర్‌లో తీసుకెళ్ళండి. వీధిలో వదలకండి, పెద్ద కుక్క ఆటకి తల పట్టుకున్నా చాలు. మేడ మీద ఎండకి వదిలి కిందికి రావొద్దు, గద్దలూ కోతులూ ఉన్న ఊళ్ళు మనవి.

మెడకి బెల్టు కట్టకండి. చివావాల గాలిగొట్టం సున్నితం, లాగితే నలుగుతుంది. ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ కొనండి. నెత్తిమీద నుంచి బలవంతంగా దూర్చేది కాకుండా పక్కన బకిల్స్ ఉన్నది చూసి తీసుకోండి.

ఇంకొకటి, మన ఇళ్ళలో ఉన్న అలవాటే కాబట్టి చెప్తున్నాను. తప్పు చేస్తే పిల్లలకి మొట్టికాయ వేస్తాం. ముద్దొస్తే నెత్తిన తడతాం. బఠాణీకి రెండూ వద్దు. ఇల్లు తడిపినా సరే, కోపం వచ్చినా సరే, చేయి తల దగ్గరికి పోకూడదు. వచ్చిన చుట్టాలకి కూడా గుమ్మంలోనే చెప్పేయండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు. స్నానం చేయించేవాళ్ళకి, కొత్త డాక్టర్లకి, సెలవుల్లో దాన్ని మీరు ఎవరింట్లో వదిలినా వాళ్ళకి, అందరికీ "దీనికి మాడు పూడలేదు" అని మొదటి మాటగా చెప్పండి.

ఇంత చేసినా ఒకవేళ పడిందనుకోండి. లేచి మామూలుగా తిరిగినా ఆ రోజంతా ఒక కంట కనిపెట్టండి. వాంతి, మగత, తూలడం, ముక్కు నుంచో చెవి నుంచో రక్తం, రెండు కంటిపాపలూ ఒకే సైజులో లేకపోవడం, వీటిలో ఏది కనబడినా ఒక పళ్ళెమో అట్టముక్కో కింద పెట్టి, తల కొంచెం ఎత్తుగా ఉంచి, మెడ నొక్కకుండా హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి. నొప్పికని ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ వేయొద్దు. మన మాత్రలు వాటికి విషం.

టీకాలు మామూలుగానే వేయించొచ్చు, మాడు వాటికి అడ్డు కాదు. రేబిస్ టీకా మూడు నెలలకే పడాలి, ఇంకా వేయించకపోతే ఈ వారమే వేయించండి. గోమార్ల మందు విషయంలో మాత్రం జాగ్రత్త. పెద్ద కుక్కల మందు తెచ్చి సగం చేసి వాడే పద్ధతి మన దగ్గర బాగా ఉంది, అది వద్దు. ఆ రోజు బరువు చూసి, ఆ బరువుకి తయారైన మందే వాడాలి. గోమార్లకిచ్చే కొన్ని రకాల మాత్రలకి ఫిట్స్ గురించి హెచ్చరిక ఉంది కాబట్టి, ఏది ఇవ్వాలన్నా డాక్టరుకి మాడు సంగతి చెప్పి అడగండి. వంటింటి త్రాసు మీద వారానికోసారి బఠాణీని తూచి ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టండి. ఎదుగుతోందా ఆగిందా అనేది ఆ అంకెలే చెప్తాయి.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని నా గట్టి సలహా. మాడు పూడని లక్షణం పిల్లలకి వచ్చే అవకాశం ఉంది. పైగా ఇంత చిన్న తల్లికి, యాపిల్ తలల పిల్లలకి కాన్పు కష్టమై చాలాసార్లు సిజేరియన్ అవుతుంది. ఎప్పుడు చేయాలో దాని బరువు చూసి డాక్టర్ నిర్ణయిస్తారు. అప్పుడు ఎక్కువసేపు కడుపు మాడ్చకుండా, ఒళ్ళు చల్లబడకుండా, చక్కెర చూసుకుంటూ చేయమని ముందే మాట్లాడుకోండి. ఊడకుండా మిగిలిపోయిన పాలపళ్ళు ఉంటే అదే మత్తులో తీయించేయొచ్చు. చివావాలకి ఇది ఎక్కువ.

తిరిగిచ్చేయడం గురించి మీవారితో ఈ మాట చెప్పండి. టీకప్ అనే జాతి లేదు. బాగా చిన్నగా పుట్టిన చివావాని ఎక్కువ ధరకి అమ్మడానికి పెట్టుకున్న పేరు అది. ఎఫ్‌సీఐ లెక్కలో చివావా ఒకటిన్నర నుంచి మూడు కిలోలు ఉండటం మంచిది. ఇంకా చిన్నది, ఇంకా చిన్నది అని మనం అడిగినకొద్దీ ఇలాంటి మాడులే పుడతాయి. అమ్మినాయన దగ్గర బఠాణీ తల్లిదండ్రుల్ని మీరు చూశారా, ఆయన టీకాల కార్డు ఇచ్చారా, ఎన్ని వారాలప్పుడు ఇచ్చారు అన్నవి ఒకసారి గుర్తు చేసుకోండి. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకాల నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. మీరు వెనక్కిస్తే బఠాణీ ఏమవుతుంది? మాడు సంగతి చెప్పకుండా ఇంకొకరికి అమ్ముతారు, లేదా పిల్లల్ని పెట్టించడానికి ఉంచేసుకుంటారు. రెండూ నాకు ఇష్టం లేదు. మీ చేతుల్లో ఉంటే దానికి మంచి అవకాశం ఉంది. బాగా చూసుకున్న చివావాలు పద్నాలుగు, పదిహేనేళ్ళు బతుకుతాయి. మీ బాబు ఇంజినీరింగ్ చదువు అయ్యేదాకా ఆ గుమ్మం దగ్గరికి పరుగు ఉండొచ్చు.

బాబుకి సంగతి దాచకండి. ఏడేళ్ళ పిల్లాడికి అర్థమవుతుంది. చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చోమనండి. వాడి వేలిని మీ చేత్తో పట్టుకుని, నొక్కకుండా, ఒక్కసారి ఆ మెత్తని చోట ఆనించండి. లోపల కొట్టుకోవడం వాడికీ తెలియనివ్వండి. ఆ తర్వాత ఒక చేయి ఛాతీ కింద, రెండో చేయి పిర్రల కింద పెట్టి ఎలా ఎత్తుకోవాలో చూపించండి. నిలబడి ఎత్తుకోవడం మాత్రం ఇంకో రెండేళ్ళ దాకా వద్దని మాట తీసుకోండి. వచ్చే నెల బఠాణీ బరువెంతో నాకు రాయండి.